రాళ్లు తిన్న రావిచెట్టు

నంద్యాలలో హుసేన్ వలి పేరు చెబితే జనానికి రెండు పనులు గుర్తొచ్చేవి. ఒకటి గచ్చు. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపి ఆయన మెత్తిన గచ్చు మీద విస్తరాకు లేకుండా అన్నం తినొచ్చు, అంత నున్నగా ఉండేది. రెండోది గోడల్లో మొలిచిన రావి మొక్కలు తీయడం. నిజం చెప్పాలంటే రెండో పనికే ఆయనకు పిలుపులెక్కువ.

రావి అంటే మామూలు చెట్టు కాదు కదా. కాకి రెట్టతో పాటు గింజ గోడ నెర్రెలో పడుతుంది. రెండు వానలు కురిస్తే మొలుస్తుంది. మరో రెండేళ్లకు దాని వేరు గోడను చీల్చి పారేస్తుంది. పీకుదామంటే ఎవరికీ చెయ్యి రాదు. ఇంటాయన పీకడు, ఇంటావిడ పీకనివ్వదు, కూలికి వచ్చినవాడు దండం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. అప్పుడు అందరికీ ఒక్కసారిగా వలి గుర్తొస్తాడు. "నీకైతే దోషం లేదు గదప్పా" అనేవాళ్లు, అదేదో పెద్ద వరం ఇస్తున్నట్టు!

వలి కాదనేవాడు కాదు. ఆయనకు కాదనడం చేతకాదు, అదే ఆయన జబ్బు. గూడ మీద తాపీ సంచి వేసుకుని పోయి, మొక్కను వేరు తెగకుండా లాగి, తడిగుడ్డ చుట్టి కుందూ ఏటి గట్టుకు తీసుకెళ్లి నాటేవాడు. ఆ గట్టున మేకలు తిరుగుతాయని ఆయనకూ తెలుసు. నాటి వెనక్కి తిరిగాక మళ్లీ అటు చూసేవాడు కాదు.

"దోషం లేదని వాళ్లకెవరు చెప్పినారంట? మన దేవుడు వాళ్లింటికి పోయి చెప్పొచ్చినాడా?" అని భార్య పీరమ్మ కసిరేది. పీరమ్మ దూదేకుల ఇంటి ఆడపిల్ల. మనిషి పిడికెడు, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తనందుకేనేమో, తక్కిన అన్ని మాటల మీదా తెగ పోట్లాడుకునేవాళ్లు.

వలి పుట్టింది బనగానపల్లె పక్కన. తండ్రి సున్నపు బట్టీలో పనివాడు. రైలు కట్ట వేసే రోజుల్లో తండ్రి వెంట నంద్యాల వచ్చి, సున్నం తొక్కుతూ తొక్కుతూ మేస్త్రి అయ్యాడు. ఊళ్లో పాత మిద్దెల్లో ఆయన చెయ్యి పడనిది తక్కువ. అలా చెయ్యి పడిన ఇళ్లలో నాగలక్ష్మమ్మ గారిల్లు ఒకటి. రెడ్ల వీధిలో పెద్ద మిద్దె. ఆ ఇంట్లో వలి గచ్చు మెత్తేటప్పుడు ఆమె కొత్త కోడలు, ఆయనకు నూనూగు మీసాలు. అప్పటినుంచీ ఆమెకు ఆయన వలీ, ఆయనకు ఆమె అమ్మ.

ఆమెకు పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ కడుపు పండలేదు. ఎన్ని శనివారాలు రావిచెట్టు చుట్టూ తిరిగిందో ఆమెకే తెలియదు. చివరికి కొడుకు పుట్టాడు. మహానంది దేవుడి పేరే పెట్టుకుంది. మహానందిరెడ్డి ఆరడుగుల మనిషి అయ్యాడు, పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లల తండ్రి అయ్యాడు. అయినా తల్లికి మాత్రం వాడు రావిచెట్టు ఇచ్చిన పసివాడే. అలాంటివాడు ఉప్పు సత్యాగ్రహం ఏడు జెండా పట్టుకుని బజారులో నిలబడ్డాడు. పోలీసులు పట్టుకుపోయి బళ్ళారి జైల్లో పెట్టారు.

ఆ ఏడే తొలకరికి ఆ ఇంటి నడిమి గది గోడ బీటలు వారింది. కోడలు పిలిపిస్తే వలి వచ్చి చూశాడు. నెర్రెలో చిటికెన వేలంత లావున, మూరెడు ఎత్తున రావి మొక్క.

"తీయకుంటే ఈ వానలకు గోడ పడతాదమ్మా" అన్నాడు వలి.

"పడితే మళ్లా కట్టుకుందాం" అంది నాగలక్ష్మమ్మ.

"పిల్లోల్లు ఈ గదిలోనే గదా పండుకునేది."

నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు చేరగిలబడింది. కళ్లు తుడుచుకుని, "ఈ చెట్టు చుట్టూ తిరిగే నా బిడ్డను కన్నా. వాడు జైల్లో ఉంటే నేను ఈడ దీని గొంతు కోయల్లనా? దీనికేమన్నా అయితే వానికి అయినట్టేనప్పా" అంది.

వలి తిరిగి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ ఆమె తలెత్తి సూటిగా చూసింది.

"చంపకుండా తీస్తావా?"

"తీస్తానమ్మా."

"బతికిస్తావా?"

"ఊ" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. కానీ నోరు జారిన మాట జారినట్టే పోయింది.

"కుందూ గట్టున పెట్టొద్దు, మేకలు తింటాయి. ఊరి రావి దగ్గర పెడితే అందరిదీ అయిపోతాది, నాకు నాది కావల్ల. రావిని ఇంట్లో ఉంచుకోగూడదు మేము. నీ ఇంట్లో పెట్టుకో. నీకైతే దోషం లేదు గదా" అంది నాగలక్ష్మమ్మ.

తడిగుడ్డ మూటతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి పీరమ్మ చేట కింద పడేసింది. "ఊరి దోషాలన్నీ మన ఇంట్లోకే వచ్చినాయి! గోడలు కూలగొట్టే చెట్టని నువ్వే గదా ఊరంతా చెప్తావు? మనకుండేది ఒక్క గోడ!"

ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. వాళ్లది ఇరుకు వాకిలి, నాపరాళ్లు పరిచింది. నేలలో నాటితే నాలుగేళ్లలో ఇల్లు చీలిపోతుంది. అందుకని వలి కుమ్మరి సుంకప్ప దగ్గరికి పోయాడు. సుంకప్పకు ఊరవతల ఇటుక బట్టీ కూడా ఉంది, వలికి చిన్ననాటి స్నేహితుడు. వెడల్పుగా, లోతు తక్కువగా ఒక మట్టి తొట్టి చేసి అడుగున బొక్కలు పెట్టి ఇచ్చాడు. "మేకకు కుడితి పెట్టేదానికైతే బొక్కలెందుకు?" అని అడిగాడు. సంగతి విని, "రావిచెట్టును తొట్లో పెంచుతావా? ఏనుగును గంపకింద మూస్తావా అప్పా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇక మట్టి. నాగలక్ష్మమ్మ తమ చేని నల్లరేగడి బండి మీద పంపింది. ఆ జిల్లాలో అంతకు మించిన మట్టి లేదని పేరు. దాంట్లో మాగిన పశువుల పేడ కలిపి, తొట్టి నిండుగా నింపి, వలి మొక్కను నాటాడు. దేవుడి చెట్టు, రెడ్ల చేను, మాగిన ఎరువు. తక్కువేమీ చేయలేదు పాపం!

వానలకు చెట్టు కళకళలాడింది. లేత ఆకులు వేసింది. రావిని శనివారం తప్ప ముట్టకూడదు కాబట్టి నాగలక్ష్మమ్మ శనివారం శనివారం వచ్చేది. గోడవార ఉన్న తొట్టి చుట్టూ తిరగడం కుదరదని వలి వాకిలి నడుమ అరుగు కట్టి, దాని మీదికి మార్చాడు. ఆమె తిరిగేది, పసుపు కలిపిన పాలు చెంబెడు మొదట్లో పోసేది, దండం పెట్టుకుని అరుగు పక్కన కూర్చునేది. ఆమె ఆ ఇంట మంచినీళ్లు తాగేది కాదు. కానీ పీరమ్మతో మాత్రం పొద్దు వాలేదాకా మాట్లాడేది. మొదట్లో మూతి ముడుచుకున్న పీరమ్మ కొన్నాళ్లకు శనివారం పొద్దున్నే కోళ్లను కట్టేసి, వాకిలి ఊడ్చి, "ఏందబ్బా, ఇంగా రాలేదు ఆయమ్మ" అని వీధిలోకి తొంగి చూడసాగింది.

జైలు నుంచి కబురు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. నాగలక్ష్మమ్మకు ఆకులే కబుర్లు. కొత్త ఆకు వేస్తే కొడుకు కడుపునిండా తిన్నాడని లెక్క. ఆకు అంచు ఎండితే వాడికి జ్వరమేమోనని ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఈ సంగతి ఆమె కోడలు చెబితే విన్న రోజునుంచి వలికి కంటిమీద కునుకు కరువైంది. ఇంతకు ముందు ఆయన నెత్తిన ఎవరి గోడో మాత్రమే ఉండేది. ఇప్పుడు ఒక తల్లి ప్రాణం వచ్చి కూర్చుంది.

దీపావళి దాటాక ఆకులు పసుపుబారడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, మరొకటి రాలాయి. నాగలక్ష్మమ్మ కార్తీకమాసం ఒక్కపొద్దులుంది. చెట్టు ఇంకా వాడింది. ఆమె పాలు ఇంకా ఎక్కువ పోసింది. చెట్టు మరింత వాడింది. ఆమె మనిషి సగమైంది.

వలి వేలు పెట్టి మట్టిని కెలికాడు. పైన బండలా బిగిసిన పెచ్చు. దాని కింద జిగట బురద. వేలు తీసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. విరిగిన పాల కంపు. పక్కనే ఉన్న సుంకప్ప కూడా వంగి చూసి, "ఇది తిండి లేక చావడంల్యా వలీ. తిండి ఎక్కువై, ఊపిరాడక చస్తాంది" అన్నాడు.

ఆ మాట వలి తలలో రోజంతా తిరిగింది. మరుసటి రోజు నాగలక్ష్మమ్మ ఇంట్లో వానలకు ఆగిపోయిన గోడ పని పూర్తి చేయడానికి పోయాడు. చెట్టు మొలిచిన నెర్రె ఇంకా నోరు తెరుచుకునే ఉంది. లోపలికి చెయ్యి పెట్టాడు. ఇటుక రవ్వ, పాత గచ్చు పెళ్లలు, గాలి. తెగిపోయిన వేరు ముక్క ఒకటి ఇటుకను కరుచుకుని, ఇన్నాళ్లకు కూడా తెల్లగా, గట్టిగా ఉంది. గుప్పెడంతా దులిపి చూసుకున్నాడు. దాంట్లో మన్నన్నదే లేదు!

"నేనెంత వెర్రివాణ్ణి" అనుకున్నాడు వలి. రాళ్లల్లో పుట్టి రాళ్లల్లో పెరిగినదానికి పేడా రేగడీ మేపి, పైన పాలు పోయించి చంపుతున్నాడు. ఊరంతటికీ గోడలు కట్టినవాడికి గోడలో ఏముందో తట్టలేదు. తన మీద తనకే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక వలి ఇంట్లో మొదలైంది చూడండి రాళ్ల సంత! వలి కుందూ ఇసుక తెచ్చాడు, వాగులోని ముతక కంకర, అదే గరుసు తెచ్చాడు, నాపరాయి చెక్కులు తెచ్చాడు, రైలు స్టేషను దగ్గర పారబోసిన ఇంజను బొగ్గు కాలి ముద్దకట్టిన చిట్టెం తెచ్చాడు, సుంకప్ప బట్టీ నుంచి ఇటుక ముక్కలు తెచ్చాడు. బొక్క పెట్టిన చిప్పల్లో ఒక్కోటి పోసి, నీళ్లు పోసి, ముందు కూర్చుని చూసేవాడు. నీళ్లు ఎంత తొందరగా దిగిపోతున్నాయి, దిగిపోయాక తడి ఎంతసేపు నిలుస్తోంది. ఆయనకు కావలసింది ఆ రెండే. ఇసుకలో నీళ్లు దిగేవి గానీ నాలుగు సార్లు తడిపేసరికి పేరుకున్న పెరుగులా కూర్చునేది. నాపరాయిలో నీళ్లు నిలిచేవే కావు, పైగా మధ్యాహ్నం ఎండకు చెయ్యి పెట్టలేనంత కాలేది. గరుసు బాగానే ఉంది గానీ దానికి మన్ను అంటుకుని ఉంది, ఎన్నిసార్లు కడిగినా ఎర్రనీళ్లే. బొగ్గు చిట్టెం మాత్రం నచ్చింది. ఒళ్లంతా బొక్కలు, చేతికి బరువే లేదు. కానీ నానబెడితే నీళ్లు ఘాటు వాసన కొట్టాయి. అందుకని నీళ్లు మార్చి మార్చి, వాసన పోయేదాకా కడిగాడు.

మనసంతా ఇటుక మీదే. కానీ ఏ ఇటుక? ఎండిన ముక్కను నాలుక మీద పెట్టి చూసేవాడు. సరిగా కాలిన ఇటుక నాలుకను పట్టుకుంటుంది, లాగితే గానీ రాదు. దానికి దాహమున్నట్టు లెక్క, నీళ్లు పోస్తే తాగి దాచుకుంటుంది. మరీ కాలి నల్లబడినది నాలుకను పట్టదు. సగం కాలినది పట్టుకుంటుంది గానీ నీళ్లలో వేస్తే తెల్లారేసరికి బురదైపోతుంది. అందుకని నాలుకకు పెట్టి చూసినదాన్ని మళ్లీ నీళ్లలో నానబెట్టి చూసేవాడు.

వాకిట్లో బాసింపట్టు వేసుకుని ఇటుకలు నాకుతున్న మొగుణ్ణి చూసి పీరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఏందయ్యా ఇది? నెల తప్పినావా ఏంది? మన్ను మీదికి పోయింది మనసు!" అంది. సుంకప్ప పడీ పడీ నవ్వాడు. వలి కూడా నవ్వాడు. పీరమ్మ నవ్వబోయి, ఎందుకో ఆగి, లోపలికి వెళ్లి తన పిండి జల్లెడ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "దీంతో జల్లించు. పొడి అంతా పోతాది. మళ్లా ఆ జల్లెడ నా కంటికి చూపియ్యొద్దు" అంది.

పొడి పోయింది. జొన్నగింజంత మొదలుకుని శనగగింజంత దాకా ఉన్న ఇటుక రవ్వ మిగిలింది. దాంట్లో కడిగిన చిట్టెం, కాస్త గరుసు కలిపి చిప్పలో పోశాడు. పోసిన నీళ్లు సర్రున దిగిపోయాయి. సాయంత్రం ముక్క విరిచి చూస్తే లోపల ఇంకా తడి ఉంది. వలికి ప్రాణం లేచొచ్చింది.

కానీ అసలు కష్టం ఇప్పుడే. చెట్టును ఇందులోకి మార్చాలంటే వేళ్లకు అంటిన రేగడి అంతా కడగాలి, కుళ్లిన వేళ్లు కోసేయాలి. మిగిలిన నాలుగు వేళ్లు ఆకులను మోయలేవు, కాబట్టి ఉన్న ఆకులన్నీ తుంచేయాలి. ఆకులను చూసి అన్నం తినే ఆ తల్లి ముందు! పైగా ఇకమీదట పాలు పోయొద్దని చెప్పాలి. నీ పాలే దీన్ని చంపుతున్నాయని ఆమె మొహం మీద ఎలా అనడం?

"నేను చెప్తాలే" అంది పీరమ్మ.

"నువ్వు మాత్రం నోరు తెరవొద్దు తల్లీ, నీకు దండం పెడతా" అన్నాడు వలి.

శనివారం నాగలక్ష్మమ్మ పాల చెంబుతో వచ్చింది. వలి అరుగు పక్కన నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, జైల్లో మన మహానంది ఏం తింటాంటాడు?"

"ఏముంటాదప్పా, సంగటి. పాలా పెరుగా" అంది ఆమె.

"కొడుకు ఆడ అట్ల తింటాంటే, దీనికి ఈడ పాలు దిగుతాయా అమ్మా గొంతులో? ఇది గోడలో పుట్టింది, రాళ్లు తిని పెరిగింది. మనం ముద్దు చేసి పాలూ ఎరువూ పెడితిమి. దీనికి సయించడంల్యా. ఆయన వచ్చేదాకా దీనికి కూడా రాళ్లతిండే పెడదాం. వట్టి నీళ్లు పోద్దాం."

ఆమె చెంబు వైపు చూసుకుంది.

"ఆకులు తీయల్లమ్మా" అన్నాడు వలి, చిన్నగా. "అన్నీ. రాలేవి కావు, నా చేత్తో నేనే తీస్తా. కాబట్టి మీరు వాటిని లెక్క పెట్టుకోవద్దు. దోషముంటే నాది."

పీరమ్మ గడపలో నిలబడింది. నాగలక్ష్మమ్మ చెంబు కింద పెట్టి ఆయన మొహంలోకి చూసింది. "నీకైతే దోషం లేదని ఇన్నాళ్లూ నీ చేత చేయిస్తిమి గదప్పా. నీకు మాత్రం ఎందుకు ఉండదు? నువ్వు మాత్రం మనిషివి కావా?" అంది. కళ్లనీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. "తీయి. నేను ఈడనే కూచుంటా."

కూర్చుంది. వలి తొట్టి పగలగొట్టి చెట్టును బయటికి తీశాడు. పీరమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే ఒక్కో వేరుకూ అంటిన నల్లబురద కడిగాడు. మెత్తబడి నల్లగా మారిన వేళ్లను కోసేశాడు. మిగిలినవి చూస్తే ఏడుపొచ్చేట్టున్నాయి. సుంకప్ప చేసిచ్చిన కొత్త తొట్టిలో ఇటుక రవ్వ పోసి చెట్టును నిలబెట్టి, సందుల్లోకి రవ్వ దిగేలా పుల్లతో పొడిచాడు. చివరన ఆకులు. ఒక్కో ఆకు తుంచినప్పుడు నాగలక్ష్మమ్మ పెదవులు కదిలాయి. ఆమె దేవుణ్ణి తలుచుకుందో కొడుకును తలుచుకుందో తెలియదు. పని అయిపోయేసరికి తొట్టిలో రాళ్లు, రాళ్లల్లో ఒక కట్టెపుల్ల మిగిలాయి.

తర్వాతి శనివారాలూ ఆమె వచ్చింది. కట్టెపుల్ల చుట్టూ తిరిగింది, వట్టి నీళ్లు పోసింది. వీధిలో ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. "రెడ్డెమ్మకు మతి పోయింది, సాయిబు ఇంట్లో రాళ్లకు మొక్కుతాంది" అన్నవాళ్లు కూడా ఉన్నారు. పీరమ్మ వీధిలోకి వెళ్లి వాళ్ల ఏడు తరాలను దులిపి వచ్చింది.

వలి మాత్రం అరుగు మీది తొట్టికి తడిక నీడ పెట్టి, పనికి పోయే ముందొకసారి, వచ్చాకొకసారి నీళ్లు చిలకరించేవాడు. బెరడు మీద గోటితో గీసి చూశాడు. కింద పచ్చగా ఉంది. మళ్లీ గీయడానికి భయమేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పుష్యం పోయింది, మాఘం పోయింది. ఫాల్గుణంలో ఊళ్లోని రావిచెట్లన్నీ ఆకు రాల్చి, రాగిరంగు చిగుళ్లు కూడా వేశాయి. వాకిట్లోది ఉలకలేదు, పలకలేదు. ఆయన కూడా మాట తగ్గించేశాడు. నాగలక్ష్మమ్మ ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే ఆయనకు పెద్ద శిక్షగా ఉండేది.

అలాంటి ఒక శనివారం, ఆమె అరుగు చుట్టూ తిరుగుతూ ఉండగా, వాకిలి దగ్గర ఎవరో నిలబడ్డారు. మాసిన గడ్డం, వేలాడే చొక్కా, బుగ్గలు లోపలికి పోయిన పొడుగాటి మనిషి. సత్యాగ్రహుల్ని వదిలేస్తున్నారని ఊళ్లో మాట వినిపిస్తూనే ఉంది గానీ ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. రైలు దిగి ఇంటికి పోతే అమ్మ ఇక్కడుందని చెప్పారట.

"అమ్మా" అన్నాడు మహానందిరెడ్డి.

ఆమె చూసింది. చూసి కూడా ఆగలేదు! సగంలో ఆపితే ఏమవుతుందోనని ఆ పిచ్చితల్లి భయం. కట్టెపుల్ల మీదనే చూపు పెట్టి, ఏడుస్తూ, తడబడుతూ మిగిలిన ప్రదక్షిణలు పూర్తి చేసింది. దండం పెట్టింది. అప్పుడు పరిగెత్తి కొడుకు వీపు మీద దబదబా బాదింది. "ఇట్ల చిక్కిపోతివేందిరా! ఎముకలు మిగిలినాయి గదరా!" అని వాడి రొమ్ము మీద తల పెట్టి భోరుమంది. పీరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మహానందిరెడ్డి తల్లి తల నిమురుతూ, "వలీ మామా, బాగుండావా?" అన్నాడు. వలి తలాడించాడు.

తల్లీ కొడుకూ వెళ్లిపోయాక వాకిలి బోసిపోయింది. వలి అరుగు పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పీరమ్మ హడలిపోయింది.

"ఇంగేంది నీ ఏడుపు? ఆకు లేకున్నా ఆయమ్మ కొడుకు వచ్చె. నీ నెత్తిన బరువు దిగె. సంతోషపడక!"

"ఇంగ ఇది ఎవరికి కావల్ల పీరమ్మా?" అన్నాడు వలి తొట్టి వైపు చెయ్యి చూపి. "ఆయమ్మ కోసరం చేస్తాండా అనుకొంటి ఇన్నాళ్లూ. కాదు. నాకే కావల్ల ఇది. ఇది బతకల్ల నాకు."

పీరమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ఎన్నో ఏళ్లుగా ఇద్దరూ ఎత్తని మాట ఆ పూట వాళ్ల మధ్య వచ్చి కూర్చున్నట్టయింది. ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదు.

మళ్లీ శనివారం వచ్చింది. పీరమ్మ కోళ్లను కట్టేయలేదు, ఎవరొస్తారని? కానీ పొద్దెక్కకముందే నాగలక్ష్మమ్మ నీళ్ల చెంబుతో వాకిట్లోకి వచ్చింది. కోళ్లను అదిలించి, కొంగు నడుముకు దోపుకుంది.

వలి దిగ్గున లేచాడు. "అమ్మా, మీ బిడ్డ వచ్చినాడు గదా. ఇంగ మీకెందుకమ్మా ఈ తిప్పలు?"

"నా బిడ్డ వచ్చినాడు" అంది నాగలక్ష్మమ్మ. "నీ బిడ్డ ఇంగా రాల్యా గదప్పా. నా బిడ్డ కోసరం నువ్వు ఇన్ని నెలలు రాళ్లు నాకినావు. నీ బిడ్డ కోసరం నేను నాలుగు సుట్లు తిరగలేనా?"

తిరగడం మొదలుపెట్టింది. పీరమ్మ గడపలో కాసేపు నిలబడి చూసింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, మెట్టు దిగి, ఆమె వెనకే నడిచింది.

ఉగాది పచ్చడి తిన్న కొన్నాళ్లకు, ఒక పొద్దున రెడ్ల వీధిలో పెద్ద కేక వినిపించింది. తలపాగా లేకుండా, ఒక కాలికే చెప్పుతో, హుసేన్ వలి ఉరుకుతున్నాడు. "అమ్మా! వచ్చినాడమ్మా! ఎర్రగా, గోరంత, కొమ్మ కొసన వచ్చినాడు!" అని అరుస్తున్నాడు. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. నాగలక్ష్మమ్మ చేతిలో పిండి పిండిలాగే ఉండగా బయటికి ఉరికింది.

"ఎవరమ్మా? ఎవరు వచ్చినారు?" అని మహానందిరెడ్డి వెనకనుంచి కేకేశాడు.

"వలీ కొడుకురా!" అంది ఆమె, తిరిగి కూడా చూడకుండా. వలీకి కొడుకెక్కడిదని అడుగుదామనుకునేలోపే ఆమె వలి పక్కన వీధి సగం దాటిపోయింది.